గ్లాసు మోత

మా ఊళ్ళో నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. అందరికీ నేను గ్లాసక్కనే. మొదట్లో వినడానికి చిరాగ్గా ఉండేది. తర్వాత అలవాటైపోయింది.

మా ఆయనది మైకుల షాపు. స్పీకర్లు అద్దెకిస్తాడు, ప్రకటనలు రికార్డు చేసి బండి మీద ఊరంతా తిప్పిస్తాడు. పని తెలిసినవాడే, కానీ గొంతు లేదు. ఆయన మాట్లాడితే మైకుకే జలుబు చేసిందనుకుంటారు. అందుకని పెళ్ళైన కొత్తలోనే నన్ను తీసుకెళ్ళి మైకు ముందు నిలబెట్టాడు. అప్పట్నుంచీ ఊళ్ళో ఏ ప్రకటన వినిపించినా అది నా గొంతే.

మా దగ్గరికి రెండు రకాల పని వస్తుంది. ఒకటి వ్యాపారం. బట్టల షాపులో తగ్గింపు ధరలు, కొత్త ట్యూషన్ సెంటరు, అలాంటివి. వాటికి ముందు ఆయన జిగేల్‌మనే పాట ముక్క ఒకటి తగిలిస్తాడు. రెండోది ఊరికి కావలసిన కబురు. రేపు నీళ్ళు రావు, వంతెన మూశారు, ఫలానా పెద్దాయన పోయాడు. ఒకసారి చావు కబురుకు కూడా ఈ మహానుభావుడు ఆ పాట ముక్కే తగిలించాడు. పోయినాయన కొడుకు షాపు మీదికి వచ్చి నానా మాటలూ అన్నాడు. వాళ్ళ తప్పేముంది, మా ఆయనకు లేదు బుద్ధి. ఆ రోజే నేను వంటింట్లోంచి స్టీలు గ్లాసు, చెంచా తెచ్చుకుని, ఇకనుంచి కబురుకు ముందు ఇదే మోగాలి అని చెప్పేశాను. ఠింగ్, ఠింగ్, ఠింగ్. అంతే.

ఎవరూ ఎవరికీ నేర్పలేదు గానీ ఊరికి అది పట్టుబడిపోయింది. పాట వినిపిస్తే ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ పోతారు. గ్లాసు మోగితే చేతిలో పని ఆపి వాకిట్లోకి వస్తారు. గ్లాసు మోగాక నేను చెప్పింది ఒక్కటి కూడా ఇంతవరకూ అబద్ధం కాలేదు. నీళ్ళు రావంటే రాలేదు.

కొన్నేళ్ళకు ఆ గ్లాసు చేయి జారి పడి సొట్టబోయింది. మోత బొంగురుపోయింది. మా ఆయనకు పనిలో నునుపు కావాలి, కాస్త గరుకు తగిలితే నిద్రపట్టదు. కొత్త గ్లాసొకటి తెచ్చి, మోతను శుభ్రంగా రికార్డు చేసి కంప్యూటర్లో దాచుకున్నాడు. అప్పట్నుంచీ నేను మాటలు చదవడం వరకే, మోత ఆయనే తర్వాత అతికిస్తాడు. పాత గ్లాసు బియ్యం డబ్బాలో పడింది, కొలుచుకోవడానికి.

ఇక ఆ రికార్డింగు గది గురించి కూడా చెప్పాలి. మెట్ల కింద సామాన్ల గదిని అలా మార్చాడు. గోడలకు పాత బొంతలు, వాటి మీద గుడ్ల అట్టలు. ఒక పక్క చిన్న అద్దం కిటికీ, అవతల ఆయన కుర్చీ. తలుపు తీసుకునే లోపలి పిడి వదులై గలగలమంటోందని ఆయనే పీకేశాడు. అంటే నేను లోపలికి వెళ్తే బయటినుంచి ఎవరైనా తీస్తేనే రావాలి. చదవడం అయిపోగానే అద్దం ముందు చెయ్యెత్తుతాను, ఆయన తీస్తాడు. ఆయన టీ తాగడానికి వెళ్ళి మర్చిపోతే నేను లోపల ఉడికిపోవాల్సిందే. పిడి పెట్టించండి మొర్రో అని మొత్తుకుంటూనే ఉన్నాను. రేపు పెట్టిస్తాలేవే అంటాడు. ఆయన రేపు ఏనాటికీ రాలేదు.

ఎన్నికలు ప్రకటించగానే రిటైరైన పెద్ద టీచరు మా షాపుకొచ్చింది. ఎన్నికలు శుభ్రంగా జరగాలని ఆమె, ఇంకొందరు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. ఆమె రాసి తెచ్చింది నాకు చదవగానే నచ్చింది. “మీ ఓటు అమ్మకానికి లేదని చెప్పండి. ఎవరైనా బెదిరిస్తే నలుగురికీ తెలిసేలా చెప్పండి. ఎవరి ఓటు వాళ్ళే వేయండి, ఎవరూ ఇంట్లో ఉండిపోకండి.” మా ఆయన గొణిగాడు, ఇది కబురు కాదు కదా, విన్నపం కదా, గ్లాసు వేయాలా పాట వేయాలా అని. నాకు ఒళ్ళు మండింది. దీనికి కాకపోతే ఇంక దేనికండీ గ్లాసు అన్నాను.

బండి తిప్పే పని మా మరిది నెత్తిన వేసుకున్నాడు. నేను ఈ ఇంటికి వచ్చేనాటికి వాడికి జట్టు కట్టి ఆడుకునే వయసు. తల్లి లేదు. వాడికి అన్నం తినిపించింది, జ్వరం వస్తే పక్కన కూర్చుంది నేనే. ఇప్పుడు అగ్నిమాపక దళంలో ఉద్యోగానికి ఎంపికై, చేరమనే పిలుపు కోసం ఎదురుచూస్తున్నాడు. “వదినా, నీ గొంతు విని కాలవ వీధుల్లో ఆడవాళ్ళంతా బయటికొస్తున్నారు, ఈసారి వంద శాతమే,” అని రోజూ వచ్చి చెప్పేవాడు. కాలవ వీధులంటే మా పుట్టింటి వైపు. మా అమ్మ ఇప్పటికీ అక్కడే ఉంటుంది. ఇప్పుడు పదవిలో ఉన్న నాయకుడికి కిందటిసారి అక్కడ ఒక్క బూత్‌లో కూడా మొగ్గు రాలేదు. ఆయనకు ఆ వీధులు కంట్లో నలుసు.

పోలింగ్‌కు ముందు రోజు పొద్దున మా మరిదిని బండితో సహా పోలీసులు పట్టుకుపోయారు. బండిలో మందు సీసాలు దొరికాయట. ఓటు అమ్ముకోకండి అని చెప్పే బండిలో సీసాలు. సిగ్గు లేకపోతే సరి. మా ఆయన స్టేషనుకు పరిగెత్తితే లోపలికి రానివ్వలేదు. మధ్యాహ్నం దాకా గేటు దగ్గర నిలబడి, మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

ఆయన వెనకాలే వచ్చింది కారు. అందులోంచి నాయకుడి మేనేజరు దిగాడు, ఇద్దరు మనుషులతో. తెల్లటి చొక్కా, మెత్తటి మాట. అంత మెత్తగా మాట్లాడేవాడిని చూస్తే నాకు మొదట్నుంచీ భయం.

“చెల్లెమ్మా, నీ గొంతంటే మా సారుకు చాలా గౌరవం,” అన్నాడు. “ఊళ్ళో ఎవరి మాటా వినని జనం నీ మాట వింటున్నారు. చిన్న ప్రకటన ఉంది. నాలుగు ముక్కలు చదివిపెట్టు.”

కాగితం ఇచ్చాడు. కాలవ వీధుల వారికి ముఖ్య గమనిక, పాత బడి పైకప్పు కారుతున్నందున మీ పోలింగ్ కేంద్రాన్ని ఊరి అవతల చివరి గోదాముకు మార్చారు, అందరూ అక్కడికే వెళ్ళగలరు. అదీ ప్రకటన. ఊరి అవతల గోదామంటే మా అమ్మ లాంటివాళ్ళు నడిచి వెళ్ళేసరికి సగం రోజు పోతుంది.

“మార్చామని ఎన్నికల ఆఫీసువాళ్ళు చెప్పారా?” అన్నాను.

“మేం చెప్తున్నాం కదమ్మా.”

“వాళ్ళ కాగితం ఏదైనా ఉంటే చూపించండి, చదువుతాను.”

ఆయన నవ్వాడు. “కాగితాలదేముంది. నీ మరిది మీద కేసు కాగితం ఇంకా రాయలేదు. రాయమంటే రాస్తారు, వద్దంటే మానేస్తారు. కేసున్నవాణ్ణి మంటలార్పే ఉద్యోగంలోకి తీసుకోరటగా?”

మా ఆయన వంక చూశాను. ఆయన కళ్ళు తుడుచుకుంటూ నేల చూస్తున్నాడు. “ఏమే, వాడు మన పిల్లాడే,” అన్నాడు చిన్నగా. అది నాకు చెప్పాలా? ఆ మాట ఆయన చెప్పకుండా ఉంటే కనీసం ఆయన మీదైనా కోపం లేకుండా ఉండేది.

లోపలికి వెళ్ళాను. తలుపు మూసుకుంది. మేనేజరు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మా ఆయన పక్కనే నిలబడ్డాడు.

అప్పుడు తట్టింది నాకు. గ్లాసు. ఈ మేనేజరు కారు అద్దాలు ఎప్పుడూ ఎక్కించే ఉంటాయి, మా వీధుల్లో ఏది ఎలా మోగుతుందో ఈయనకు తెలియదు. నేను చదువుతాను. గ్లాసు లేకుండా బండి తిరుగుతుంది. గ్లాసు మోగని మాటకు మా అమ్మ గుమ్మం కూడా దిగదు. మరిదీ ఇంటికొస్తాడు, ఓట్లూ ఎక్కడివక్కడ పడతాయి. మా ఆయనకు ఒక్క ముక్క చెప్తే చాలు. కానీ నేను లోపల ఏం మాట్లాడినా మేనేజరు చెవుల్లోకే పోతుంది. ఆయన కళ్ళెదుటే సైగ చేస్తే అసలుకే మోసం. పోనీలే, ఇన్నేళ్ళ కాపురం, ఈ మాత్రం అర్థం కాదా అనుకున్నాను. అబద్ధానికి గ్లాసు వేయకూడదని వేరే చెప్పాలా?

బట్టల షాపు ప్రకటన చదివినట్టు చదివాను, లాగి లాగి. మేనేజరు ఆపేశాడు. “అలా కాదు చెల్లెమ్మా. టీచరుగారిది చదివావే, అలా చదువు. మనసు పెట్టి.” మళ్ళీ చదివించాడు. మళ్ళీ. చివరికి నా గొంతు నాకే నిజంలా వినిపించింది. ఏం చేయను, దానికి వేరే రకంగా మాట్లాడటం రాదు.

చెయ్యెత్తాను. తలుపు తెరుచుకోలేదు. మేనేజరు వచ్చి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. అద్దంలోంచి మా ఆయన భుజం, మోచెయ్యి మాత్రమే కనిపిస్తున్నాయి, తెర కనబడదు. మోచెయ్యి చకచకా కదులుతోంది. ఏం అతికిస్తున్నాడో తెలియదు. గోడ మీద కొట్టాను. గుడ్ల అట్టలు నా పిడికిళ్ళను మింగేశాయి. ఆ గది అంత బాగా కట్టాడు మా ఆయన. గాలి ఆడక చెమట్లు పోసి, ఇక కూలబడిపోతానేమో అనుకున్నప్పుడు తలుపు తీశారు.

మేనేజరు పెన్‌డ్రైవు జేబులో వేసుకున్నాడు. మా ఇద్దరి ఫోన్లూ ఇప్పించుకుని తన మనుషుల చేతిలో పెట్టాడు. “రేపు పని అయ్యేదాకా ఈ తమ్ముళ్ళు మీకు తోడుగా ఉంటారు. మీ వాడు రేపు సాయంత్రానికల్లా ఇంట్లో ఉంటాడు. నాది పూచీ,” అని కారెక్కాడు. ఆ ఇద్దరూ షాపు గుమ్మానికి అడ్డంగా స్పీకరు పెట్టెల మీద కూర్చున్నారు. మా ఇంటికి వేరే దారి లేదు, షాపులోంచే పోవాలి.

మా ఆయన్ని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళాను.

“గ్లాసు వేయలేదు కదా?”

ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నా కళ్ళతో చూశాను.

“వేశారా?”

“ఎప్పుడూ వేసేదే కదే,” అన్నాడు. “మొదలు కొంచెం బోడిగా అనిపించింది.”

బోడిగా అనిపించిందట. తమ్ముడు లాకప్‌లో ఉన్నాడు, పెళ్ళాం గదిలో ఉంది, కళ్ళ నిండా నీళ్ళు, అయినా చేతులు మాత్రం పని చక్కబెట్టేశాయి. ఆ క్షణాన ఆయన్ని ఏం చేసినా పాపం లేదనిపించింది. ఆయనే తల గోడకేసి కొట్టుకోబోతే పట్టుకుని ఆపాను. మనిషి మంచివాడు. మంచివాడే, అదే నా ఖర్మ.

కూరగాయలు తెచ్చుకోవాలన్నాను, వదల్లేదు. తలనొప్పి మాత్ర కావాలన్నాను, వాళ్ళలో ఒకడే వెళ్ళి తెచ్చాడు. పక్కింటావిడ పిలిస్తే గుమ్మం దగ్గర్నుంచే వాడు జవాబిచ్చి పంపేశాడు, అక్కకు ఒంట్లో బాలేదని. నా సొంత ఇంట్లో నా తరఫున మాట్లాడటానికి వీడెవడు?

తెల్లారింది. కాసేపటికి వీధి మలుపులో వినిపించింది. ఠింగ్, ఠింగ్, ఠింగ్. తర్వాత నేను. కాలవ వీధుల వారికి ముఖ్య గమనిక. ఎంత స్పష్టంగా ఉందో, ఎంత నమ్మకంగా ఉందో. చెవులు మూసుకున్నా వినిపించింది. పోలీసులు పట్టుకుపోయిన మా బండినే తిప్పుతున్నారు, స్పీకరు మాదే, దాని సత్తా నాకు తెలుసు.

గుమ్మంలో కూర్చున్నవాడు తల తిప్పి అన్నాడు. “బాగా చదివావక్కా. మా అమ్మమ్మ కూడా నీ గ్లాసు వింటేనే నీళ్ళు పట్టి పెట్టుకుంటుంది.”

వాడికి తెలుసు. వాళ్ళ మేనేజరుకు తెలియకపోయినా వాడికి తెలుసు. నేను లోపలికి వచ్చేశాను. మా అమ్మ ఈపాటికి చీర మార్చుకుని, చెప్పులేసుకుని, పక్కింటి ముసలమ్మను కూడా లేవదీసి ఉంటుంది. తలుచుకున్న కొద్దీ గదిలో గుడ్ల అట్టల మధ్య నిలబడ్డట్టే ఉంది, మొత్తం ఇల్లంతా.

పొద్దు వాలాక వాళ్ళకు ఫోనొచ్చింది. మా ఫోన్లు గల్లా మీద పెట్టి, ఇంక మీ ఇష్టం అక్కా అని లేచి వెళ్ళిపోయారు. ఇంక నేనేం చేసినా ఫర్వాలేదని వాళ్ళ లెక్క. పోలింగ్ ముగియడానికి ఇంకా కొద్దిగా టైముంది. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. బండి ఇంకా వాళ్ళ చేతుల్లోనే ఉంది. మా ఆయన చేతి మైకుకు చార్జింగు ఉన్న బ్యాటరీ వెతుకుతున్నాడు. ఆయన వెతుకుడు అయ్యేదాకా ఉంటే రేపవుతుంది. బియ్యం డబ్బాలోంచి ఆ పాత గ్లాసు లాగి, చెంచా తీసుకుని, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తాను.

కాలవ గట్టు మీద, మా అమ్మ ఇంటి ముందు అరుగు మీద, ముసలివాళ్ళంతా చేరి ఉన్నారు. కొందరు కాళ్ళు చాపుకుని, కొందరు గోడకు చేరగిలబడి. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు గోదాము నుంచి బడి దాకా వెళ్ళి చూసి ఓటేసుకున్నారని నాకు తర్వాత తెలిసింది. చాలామంది పనికి ఆలస్యమవుతోందని అట్నుంచి అటే పోయారట. మిగిలింది వీళ్ళు. అమ్మ పాదాలు వాచి ఉన్నాయి.

“వచ్చావా,” అంది. “అక్కడ గోదాముకు తాళం వేసి ఉంది. అడుగుదామంటే మనిషి లేడు. ఎండలో కూర్చుని కూర్చుని వచ్చాం.”

“అమ్మా, అది అబద్ధం. పాత బడిలోనే జరుగుతోంది. ఇప్పుడు లేస్తే అందుకోవచ్చు, లేవండి.”

“పెద్ద టీచరు కూడా పొద్దున వచ్చి అదే చెప్పింది,” అంది పక్కింటి ముసలమ్మ. “ఇంటింటికీ తిరిగి చెప్పింది పాపం. గ్లాసు మోగలేదు కదా, ఎట్లా నమ్ముతాం?”

నేను చెంచాతో గ్లాసు కొట్టాను. టప్. టప్. టప్. సొట్టగ్లాసు, ఇంకెలా మోగుతుంది. ఎదురింటి గుమ్మంలోకి వచ్చినావిడ కూడా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

“ఇది ఆ గ్లాసు కాదు,” అంది ముసలమ్మ. “పొద్దున మోగింది వేరు.”

“ఇదే అసలు గ్లాసు. నమ్మండి.”

అమ్మ నా మొహంలోకి చూసింది. కోపం లేదు. కోపమున్నా బాగుండేది.

“పొద్దున చెప్పమన్నది ఎవరు?” అంది.

ఏం చెప్పను?

“పోనీ ఇప్పుడు చెప్పమన్నది ఎవరు?”

“ఎవరూ చెప్పమనలేదమ్మా. నేనే.”

“పొద్దున కూడా మేమంతా అలాగే అనుకున్నాం,” అంది.

ఎవరూ లేవలేదు. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అందరి ముందే ఏడ్చాను. ఊరంతా విన్న నా గొంతు అక్కడ నలుగురు ముసలివాళ్ళను అరుగు మీంచి లేపలేకపోయింది.

అప్పుడు గట్టు మీంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు మా మరిది. చొక్కా నలిగిపోయి, జుట్టంతా దుమ్ము. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“వదినా, వదిలేశారు. కేసు కూడా రాయలేదు. పొమ్మన్నారు, అంతే. తప్పు చేయనివాణ్ణి ఎన్నాళ్ళుంచుతారు?” అన్నాడు ఆయాసపడుతూ. అరుగు మీద అందరినీ చూశాడు, అమ్మ వేలు చూశాడు, సిరా చుక్క లేదు. “ఇదేంటి, ఇంకా వేయలేదా? ఇంకా గేటు మూయలేదు, నేను అటునుంచే వస్తున్నా. వదినా, గ్లాసు చేతిలోనే ఉందిగా, కొట్టి చెప్పు. నువ్వు చెప్తే కదలనివాళ్ళుంటారా ఈ వీధుల్లో.”

అమ్మ వాణ్ణి కిందినుంచి పైదాకా చూసింది. తర్వాత నన్ను చూసింది. చాలాసేపు చూసింది. ఆమెకు అర్థమైందని నాకు తెలుస్తూనే ఉంది. అరుగు మీద అందరికీ అర్థమైంది, వాడికి తప్ప.

“ఆ గ్లాసు ఇటివ్వు,” అంది అమ్మ.

ఇచ్చాను. గుప్పెట్లో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్ళీ నా చేతికిచ్చింది.

“ఇందులో ఇన్ని నీళ్ళు తెచ్చిపెట్టు. పొద్దున్నుంచీ తిరిగి గొంతెండిపోయింది.”

లోపలికి వెళ్ళాను. గ్లాసు అడుగున బియ్యపు గింజలు రెండు అంటుకుని ఉంటే కడిగి, నింపి తెచ్చాను. నేను గుమ్మం దాటేసరికి బడి వైపు నుంచి ఇనుప గేటు ఈడ్చిన చప్పుడు వినిపించింది. మా మరిది అటు తిరిగి నిలబడిపోయాడు.

అమ్మ ఆగకుండా తాగి, ఖాళీ గ్లాసు నాకిచ్చింది.

“వాడికీ తెచ్చివ్వు,” అంది. “నిన్నట్నుంచీ వాడికి నీళ్ళిచ్చారో లేదో.”

గ్లాసు పట్టుకుని మళ్ళీ లోపలికి వెళ్ళాను.